పిలిస్తే రాకూడదు

నమోదు 1. మే 9.

కాసారం గనికి పదకొండు గంటలకు చేరాను. చేరవలసింది తొమ్మిదింటికి. జీపు దారిలో రెండుసార్లు మొరాయించింది. రెండోసారి నేనే దిగి తోశాను. యాభై మూడేళ్ల వయసులో, నిప్పుకోటు వేసుకుని, మే నెల ఎండలో జీపు తోసిన సంగతి పై అధికారులు చదువుతారనే ఇక్కడ రాస్తున్నాను.

పేరు: కొలిపాక రత్నమాల. హోదా: వర్గీకరణ అధికారి, రెండవ శ్రేణి. ఇరవై తొమ్మిదేళ్లుగా రెండవ శ్రేణే.

పని: మూతబడిన కాసారం గనిలో నాలుగేళ్లుగా ఉంటున్న నిప్పు జీవి కొరివి దయ్యమా, డ్రాగనా తేల్చి సంతకం చేయడం. గడువు: రోహిణి కార్తె వచ్చేలోపు. అంటే పదహారు రోజులు.

పంపు ఆపరేటర్ అజీజ్ నాకంటే ముందే వచ్చి, రేకుల షెడ్డు నీడలో పంపు దించుకుని, దాని మీదే తల పెట్టుకుని పడుకున్నాడు. మేమిద్దరం కలిసి పనిచేయడం ఇది పద్నాలుగోసారి. నన్ను చూసి లేచి కూర్చున్నాడు.

"సలాం మేడమ్. ఎటు రాసినా జర జల్ది రాయుండ్రి. కాలువ నీళ్ల వంతు మనకు ఇరవై మూడు దాకనే ఉంది. ఆ తర్వాత నీళ్లు కావాల్నంటే నా కండ్లల్లకెల్లి రావాలె."

నేను కొరివి దయ్యం అని రాస్తే అజీజ్ గనిని నీళ్లతో నింపుతాడు. లోపలున్నది ఆరిపోతుంది. డ్రాగన్ అని రాస్తే పంపు లారీ ఎక్కుతుంది, గని చుట్టూ కంచె వస్తుంది, దాని మానాన దాన్ని వదిలేస్తారు. మధ్యలో ఇంకో దారి లేదు.

జీవిని ఇవాళ దూరం నుంచే చూశాను. గేదె దూడంత ఉంది. ఒళ్లంతా బొగ్గు, బొగ్గు పగుళ్లలో ఎర్రటి గీతలు. వీపు మీద ఉన్నవి రెక్కలో, పొగో తెలియడం లేదు. ఇది మా ఆఫీసులో ముప్పై ఏళ్ల నాటి తగాదా. రెక్కల పక్షం వాళ్లు, పొగ పక్షం వాళ్లు క్యాంటీన్‌లో ఇప్పటికీ వేరువేరు బల్లల దగ్గర కూర్చుంటారు. నేను ఏ బల్లా లేక నిలబడి తింటాను.

నమోదు 2. మే 10.

ఫారం నింపాను. మా ఫారం సంగతి తెలియని వాళ్లకు ఒక మాట.

నలభై ఏళ్ల క్రితం బొగ్గు గనుల మంటల్లోంచి ఇవి మొదటిసారి బయటికి వచ్చినప్పుడు, వీటిని ఏమనాలో ఎవరికీ తెలియలేదు. శాస్త్రవేత్తలు కొలిచి కొలిచి "చాలా వేడిగా ఉన్నాయి" అని చెప్పారు. అది చేతులు కాల్చుకున్న ప్రతివాడికీ తెలుసు. చివరికి నలుగురు ముసలివాళ్లు ముందుకొచ్చారు. వాళ్లు కుర్రతనంలో ఆదివారాలు ఒక గదిలో చేరి, కాగితాలు, పాచికలు పెట్టుకుని, నేలమాళిగల్లో రాక్షసుల్ని చంపే ఆట ఆడేవాళ్లట. ఆ ఆటకు ఒక పాత నియమాల పుస్తకం. అందులో నిప్పు దయ్యాలకు ఒక అధ్యాయం, డ్రాగన్లకు ఒక అధ్యాయం, వెనకాల పట్టికలు. ఏది పిలిస్తే వస్తుంది, ఏది నిద్రపోతుంది, ఏది పెరుగుతుంది, అన్నీ రాసి ఉన్నాయి. విచిత్రం ఏమిటంటే చాలామటుకు సరిపోయాయి. ప్రభుత్వం ఆ పుస్తకాన్నే తెలుగు చేయించి, సీలు వేసి, మా చేతుల్లో పెట్టింది.

అందుకే ఇవాళ్టికీ మా ఫారంలో "నిధి రకం" అని ఒక గడి ఉంటుంది. ఇరవై తొమ్మిదేళ్లుగా అందులో "లేదు" అని రాస్తున్నాను. తీసేయమని మూడు అర్జీలు పెట్టాను. పుస్తకంలో ఉంది కాబట్టి తీయలేమన్నారు.

అసలు పరీక్షలు మూడు. ఒకటి, పెరుగుదల: డ్రాగన్ పెరుగుతుంది, దయ్యం పుట్టినప్పుడెంతో ఎప్పుడూ అంతే. దీనికి ఏడాది తేడాతో రెండు ప్రభుత్వ కొలతలు కావాలి. ఈ గనికి ఒక్కటీ లేదు. రెండు, నిద్ర: డ్రాగన్ నిద్రపోతుంది, దయ్యం పోదు. మూడు, పేరు: దయ్యం తనకు పేరు పెట్టిన మనిషికి కట్టుబడి ఉంటుంది, పిలిస్తే వస్తుంది. డ్రాగన్‌ని ఎవరు పిలిచినా రాదు. తనకు బుద్ధి పుడితే వస్తుంది.

మూడింటిలో పేరు పరీక్షదే పైచేయి. మిగతావి తేలకపోతే అదే తీర్పు.

నమోదు 3. మే 11.

గని మూతి పక్కన ఒక గదిలో ఒక ముసలావిడ ఉంటోందని అజీజ్ చెప్పాడు. వెళ్లాను. పేరు ఎలకటూరి ఓదెమ్మ. భర్త ఈ గనిలోనే పైకప్పుకు దుంగలు ఆనించే పని చేసేవాడట, పోయి చాలాకాలమైంది. గని మూతబడ్డాక అందరూ గుట్ట అవతలి క్వార్టర్లకు వెళ్లిపోయారు. అక్కడ నూట నలభై ఇళ్లున్నాయి. ఈమె వెళ్లలేదు.

గదిలో పొయ్యి చల్లగా ఉంది. అందులో సాలీడు గూడు కట్టింది. అయినా చేతిలో వేడి వేడి అన్నం గిన్నె ఉంది. వంట ఎక్కడ చేస్తావని అడిగాను.

"నా ఎర్రయ్య ఉండంగ నాకు పొయ్యెందుకు బిడ్డా? గిన్నె తీస్కపోయి దాని పక్కన పెడ్త. రెండు పాటలు పాడేలోపు ఉడుకుతది. నాలుగేండ్ల సంది నేను పొయ్యి ముట్టియ్యలే."

నాలుగేళ్ల క్రితం వానల్లో గని మూతి దగ్గర కోడిపిల్లంత నిప్పుకణం వణుకుతూ కనిపించిందట. రేకు కప్పి, గుప్పెడు బొగ్గుపొడి వేసి, ఎర్రయ్య అని పేరు పెట్టిందట. ఆ మాట విని నా ప్రాణం లేచొచ్చింది. కోడిపిల్లంతది దూడంత అయిందంటే పెరిగినట్టే కదా. కానీ ఓదెమ్మ కళ్లు ప్రభుత్వ కొలతబద్ద కావు.

ఆ తర్వాత జరిగినదానికి నన్నే తిట్టుకోవాలి. నేనెవరో, ఎందుకొచ్చానో ముందే విడమరిచి చెప్పాల్సింది. నిప్పుకోటు చూసి ఆమె నేను ఎర్రయ్యకు భయపడుతున్నానని అనుకుంది. భయం పోగొట్టాలని చూసింది.

"దానికేం తెల్వదు బిడ్డా. సంటిపిల్ల అసొంటిది. నేను పిలిస్తె ఎట్ల ఉరికొస్తదో సూడు."

వద్దు అనేలోపే గని మూతి దగ్గర నిలబడి పిలిచింది. "ఎర్రయ్యా! ఓ ఎర్రయ్యా!"

అది వచ్చింది. ఉరుక్కుంటూ వచ్చింది. వచ్చి ఆమె ముందు కూలబడి, తల నేలకు ఆనించింది. ఓదెమ్మ నా వంక గర్వంగా చూసి నవ్వింది, నాలుగు పళ్లు కనబడేట్టు.

పేరు పరీక్ష: పేరు పెట్టిన మనిషి పిలిచింది. వచ్చింది. సమయం మధ్యాహ్నం పన్నెండు పది. సాక్షి: పంపు ఆపరేటర్ అజీజ్.

నమోదు 4. మే 12.

పొద్దున నేనూ పిలిచాను, అజీజూ పిలిచాడు. అది మా వైపు చూడనైనా చూడలేదు. దీనివల్ల ఉపయోగం లేదు. కట్టుబాటు పేరు పెట్టిన మనిషికే అని పుస్తకం చెబుతోంది.

ఓదెమ్మకు విషయం చెప్పాను. ఆమె గడప మీద కూర్చుండిపోయింది. తర్వాత అడిగింది.

"అంటే నేను పిలిసినందుకా?"

అవునన్నాను.

"పిలిస్తె వచ్చినందుకు సంపుతరా? మా ఇంట్ల కోడి గూడ పిలిస్తె వస్తది. కుక్క వస్తది. నా పెనిమిటి గూడ వచ్చేటోడు, తాగకుంటే. అందరు దయ్యాలేనా?"

దీనికి పుస్తకంలో జవాబు లేదు. ఆ పుస్తకం రాసినవాళ్లు డ్రాగన్‌కి నిధుల మీద ఆశ ఉంటుందని రాశారు, కోపం, జిత్తులు ఉంటాయని రాశారు. దానికి ఎవరి మీదైనా ప్రేమ పుడుతుందేమోనని వాళ్లకు తోచలేదు. తోచి ఉంటే ఒక గడి పెట్టేవాళ్లు.

"నిన్న అది రాలేదని రాయరాదు బిడ్డా? సూసినోళ్లెవరు, నువ్వు, గీ పిలగాడు." ఆ పిల్లాడికి నలభై ఆరేళ్లు.

రాయనన్నాను. ఎందుకో చెప్పలేదు. చెప్పే ఓపిక లేకపోయింది.

నమోదు 5. మే 14.

రెండు రోజులుగా నిద్ర పరీక్ష. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా గని మూతి ఎదురుగా ఇనుప కుర్చీలో కూర్చుంటున్నాను. కుర్చీ కాలుతోంది, నడుము పట్టేసింది. ఎర్రయ్య మధ్యాహ్నం రెండు గంటలు కళ్లు మూసుకుని పడుకుంటుంది. పగుళ్లలో ఎరుపు తగ్గుతుంది. ఎవరు చూసినా నిద్రే అంటారు.

నేను అనలేను. ఎందుకంటే ఒకసారి అన్నాను.

పంతొమ్మిదేళ్ల క్రితం కోనాపురంలో ఒకదాన్ని మూడు రోజులు చూసి "నిద్రపోయింది, డ్రాగన్" అని రాశాను. అది కళ్లు మాత్రమే మూసుకుంది. కొరివి దయ్యం రోహిణిలో తన తోటివాళ్లను పిలుస్తుంది. ఆ ఏడాది కోనాపురం గుట్ట కింద నుంచి ఏడు లేచాయి. పదకొండు మంది పోయారు. విచారణలో నా తప్పేమీ లేదన్నారు, నియమం ప్రకారమే చేశానన్నారు. పుస్తకంలోని ఆటలో చచ్చిపోయినవాడు ఇంకో కాగితం తీసుకుని కొత్త పేరు రాసుకుని మళ్లీ మొదలుపెట్టవచ్చట. కోనాపురంలో ఎవరూ కాగితం తీసుకోలేదు.

గుట్ట అవతల నూట నలభై ఇళ్లు. సాయంత్రాలు అక్కడి నుంచి పిల్లల అరుపులు వినిపిస్తాయి.

నిద్ర పరీక్ష: తేలలేదు.

నమోదు 6. మే 17.

పొద్దున వైర్‌లెస్‌లో సూపరింటెండెంట్ మాట్లాడారు. "పేరు పరీక్ష అయిపోయింది కదమ్మా. ఇంకా దేనికి నాన్చుతున్నారు?" అన్నారు. వారం ఇవ్వండన్నాను. ఇరవై ఒకటి దాకా ఇచ్చారు. నీళ్లు పట్టడానికి అజీజ్‌కి రెండు రోజులు కావాలి.

మధ్యాహ్నం పుస్తకం మళ్లీ మొదటి నుంచి చదివాను. అలసిపోయి, ఎవరికీ చెబుతున్నట్టు కాకుండా, పైకే చదువుతున్నాను. ఓదెమ్మ గడప మీద కూర్చుని బొగ్గుపొడి జల్లెడ పడుతోంది.

"పేరుకు కట్టుబడిన దయ్యం, నొప్పి ఉన్నా, చావు ఎదురుగా ఉన్నా, పిలిచినప్పుడల్లా రాక తప్పదు. రాకపోవడం దాని చేతిలో లేదు."

జల్లెడ చప్పుడు ఆగింది.

"రాకపోవుడు దాని చేతుల లేదా?"

"దయ్యమైతే లేదు."

"ఒక్కపారి నేను పిలిసినంక రాకుంటే?"

"అయితే అది దయ్యం కాదు. దయ్యమైతే రాకుండా ఉండలేదు. కానీ నువ్వు పిలిస్తే అది రాకుండా ఎందుకుంటుంది?"

ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పుడు అనిపిస్తోంది. నేను పుస్తకం సంగతి మాట్లాడుతున్నాను. ఆమె ఎర్రయ్య సంగతి ఆలోచిస్తోంది. జల్లెడ పక్కన పెట్టి, గోడకు వేలాడుతున్న బకెట్ వంక చూసింది.

"నీళ్లంటే దానికి శాన భయం," అంది. "వాన పడ్డనాడు నా కొంగు కిందికి దూరేది, సిన్నగున్నప్పుడు. కొంగు కాలిపోయింది గూడ."

నమోదు 7. మే 18.

ఉదయం ఏడు గంటలు. ఓదెమ్మ స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చింది. చేతిలో బకెట్. అజీజ్ నావైపు చూసి, "మేడమ్, ముసలామెకు మీరన్న చెప్పుండ్రి, నేను సూడలేను," అన్నాడు. సాక్షి కాబట్టి చూడక తప్పదన్నాను. నాకూ తప్పదన్నాను.

ఎప్పటిలాగే పిలిచింది, అదే గొంతుతో. "ఎర్రయ్యా! ఓ ఎర్రయ్యా!"

ఉరుక్కుంటూ వచ్చి తల నేలకు ఆనించింది. ఆమె బకెట్ నీళ్లు దాని మెడ మీద కుమ్మరించింది.

ఆ అరుపు రాయడానికి ఫారంలో గడి లేదు. ఆవిరి పోయేసరికి అది గనిలో లోపలికంటా వెళ్లిపోయింది. ఓదెమ్మ ఖాళీ బకెట్ పట్టుకుని అక్కడే నిలబడింది. ముంజేతులు ఆవిరికి బొబ్బలెక్కాయి. మందు రాస్తానంటే చేతులు వెనక్కి పెట్టుకుంది.

పేరు పరీక్ష, రెండవసారి: పిలిచింది. వచ్చింది.

నమోదు 8. మే 19.

మళ్లీ ఏడు గంటలు. పిలిచింది. చాలాసేపు ఏమీ లేదు. నేను గడియారం చూసుకుంటున్నాను. రాకూడదని మొక్కుకుంటున్నాను, ఎవరికి మొక్కుకున్నానో నాకే తెలియదు. ఆరో నిమిషంలో చీకట్లో ఎర్రటి గీతలు కనిపించాయి. నెమ్మదిగా, ఆగి ఆగి వచ్చింది. మెడ దగ్గర ఎరుపు లేదు. నాలుగు గజాల దూరంలో ఆగి ఓదెమ్మ చేతిలో ఏముందో చూసింది. బకెట్ కనిపిస్తూనే ఉంది. అయినా ఇంకో రెండు గజాలు వచ్చింది.

"రాకురా," అని ఆమె నోట్లోనే అనుకుంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను. తర్వాత నీళ్లు విసిరింది.

పేరు పరీక్ష, మూడవసారి: వచ్చింది.

సాయంత్రం ఓదెమ్మ అన్నం వండలేదు. అజీజ్ మా స్టవ్ మీద ఉప్మా చేసి పట్టుకెళ్లాడు. తినలేదట. ఆమె పక్కన కాసేపు కూర్చున్నాను. మొదటిసారి కోనాపురం గురించి ఆమెకు చెప్పాను. అంతా విని, "పదకొండు మందా," అంది. ఉప్మా పళ్లెం పక్కకు జరిపి, "అయితె నువ్వు ఉత్తగ రాయకు బిడ్డా. రేపు గూడ వస్తె వచ్చిందనే రాయి," అంది.

ఇంత వయసొచ్చింది, నాతో ఇలా మాట్లాడిన అధికారి ఒక్కరూ లేరు.

నాకు ఒక భయం ఉంది, దాన్నీ రాస్తున్నాను. రేపు కూడా వస్తే, దయ్యం కాబట్టి వచ్చిందో, ఓదెమ్మ కాబట్టి వచ్చిందో ఎప్పటికీ తేలదు. ఎల్లుండి నేను సంతకం పెట్టాలి.

నమోదు 9. మే 20.

ఉదయం ఏడు గంటలు. పిలిచింది. రాలేదు.

గని లోపల, మలుపు దగ్గర దాని వెలుగు గోడ మీద కనిపిస్తోంది. వింటోంది. ఓదెమ్మ మళ్లీ పిలిచింది. వెలుగు కదిలింది, ముందుకు ఒక అడుగు పడినట్టు. ఆగింది. మూడోసారి పిలిచింది. ఈసారి ఆమె గొంతు పరీక్షలా లేదు, నిజంగానే రమ్మన్నట్టు ఉంది. చేతిలో బకెట్ కూడా కింద పెట్టేసింది.

వెలుగు వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయింది.

గంటసేపు వేచి చూశాను. నియమం పావుగంటే. నా కోసం గంట చూశాను.

"రాలే కదా?" అని ఓదెమ్మ అడిగింది.

"రాలేదు."

"రాస్కో," అంది. అని, బకెట్ అక్కడే వదిలేసి తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

పేరు పరీక్ష, నాలుగవసారి: పేరు పెట్టిన మనిషి మూడుసార్లు పిలిచింది. రాలేదు. సాక్షి: పంపు ఆపరేటర్ అజీజ్. సాక్షి సంతకం పెడుతూ ఏడ్చాడు. మరక సిరాది కాదు.

వర్గం: డ్రాగన్.

నిధి రకం: ఈ గడి ముందు చాలాసేపు ఆగాను. చివరికి ఎప్పటిలాగే "లేదు" అని రాశాను.

నమోదు 10. మే 22.

పంపు లారీ ఎక్కింది. కంచెవాళ్లు దిగారు. నియమాలు ఓదెమ్మకు చదివి వినిపించాను. బొగ్గుపొడి కంచె లోపల పెట్టవచ్చు, పెట్టి వెంటనే వెళ్లిపోవాలి. దగ్గరికి పోకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. పిలిచినప్పుడు మళ్లీ వస్తే ఫైలు తిరిగి తెరుస్తారు.

"ఎన్ని దినాలు?"

"ఎప్పటికీ."

"వేరే పేరుతోని?"

తల అడ్డంగా ఊపాను. ఆమె జల్లెడ తీసుకుని బొగ్గుపొడి పట్టడానికి కూర్చుంది.

నమోదు 11. జూన్ 24.

పర్యవేక్షణ సందర్శన. రోహిణి దాటింది. నేల కింద నుంచి ఏదీ లేవలేదు. గుట్ట అవతల నూట నలభై ఇళ్లూ ఉన్నాయి. రోహిణి పదిహేను రోజులూ నేను సరిగ్గా నిద్రపోలేదు, ఆ తర్వాత రెండు రోజులు లేవలేదు.

మొదటి ప్రభుత్వ కొలత తీసుకున్నాను. కొలిచి నేను బయటికి వచ్చేశాక, మధ్యాహ్నం మూడింటికి, ఎర్రయ్య గనిలోంచి బయటికి వచ్చింది. ఎవరూ పిలవలేదు. కంచె దాకా నడిచి, ఓదెమ్మ గది వైపు తిరిగి కూర్చుంది. ఇరవై నిమిషాలు అలాగే కూర్చుని లోపలికి వెళ్లింది. తనకు బుద్ధి పుడితే వస్తుందని పుస్తకంలో ఉన్నది ఇదే. రాసుకున్నాను.

ఓదెమ్మ గదిలోకి వెళ్లాను. తలుపు మూసి ఉంది, లోపలంతా పొగ. పొయ్యి ముందు వంగి గొట్టంతో ఊదుతోంది. దగ్గు ఆగడం లేదు. పొయ్యి అలవాటు తప్పింది మరి. ముంజేతుల మీద బొబ్బలు మాని, తెల్లటి మచ్చలు పడ్డాయి. నేను చూసింది చెప్పాను.

"పిల్వకుంటనే వచ్చిందా?"

"పిలవకుండానే."

ఊదుడు గొట్టం కింద పెట్టింది. లేచి బయటికి పరుగెత్తుతుందనుకున్నాను. లేవలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, పొగ అంది. తర్వాత అడిగింది.

"నీళ్లు వోసిన కాడ మానిందా బిడ్డా?"

మెడ దగ్గర, అరచేయంత మేర, ఎరుపు తిరిగి రాలేదు. అక్కడ అది మామూలు బొగ్గులా నల్లగా, చల్లగా ఉండిపోయింది. గుర్తింపు చిహ్నాల గడిలో అది రాశాను, కొలతతో సహా.

మానిందని చెప్పాను. ఈ లాగ్‌లో అబద్ధం లేదు. ఆమెకు చెప్పింది మాత్రం అబద్ధం.